పసిడి అంచెలో చిక్కుకున్న పేరు

అనగనగా, మన తాతల తాతలకు ఇంకా పేర్లు కూడా పెట్టని రోజుల్లో, ఒక పెద్ద ఏరు సముద్రంలో కలిసేచోట లంకలసీమ అని ఒక సీమ ఉండేది. ఎటు చూసినా నీళ్ళు, మధ్యమధ్య లంకలు. ఒక లంకలో కోడి కూస్తే పక్క లంకకు వినపడేది గానీ, అక్కడికి పోవాలంటే మాత్రం పడవ ఉండాల్సిందే.

మరి ఒకరి కబురు ఒకరికి ఎలా చేరేది? అదీ చెప్తాను, తొందరపడకండి.

ఆ సీమవాళ్ళకు ఆకు మీద రాసి పంపడమంటే ఇష్టం లేదు. దారిలో ఎవడో ఒకడు చదివేస్తాడని అనుమానం. అందుకని తాడు మీద ముడులు వేసి పంపుకునేవారు. ఏ ఇద్దరి ముడులు ఆ ఇద్దరికే తెలుసు. మొగుడూ పెళ్ళాలకు ఒక తీరు, తల్లీ కూతుళ్ళకు ఇంకో తీరు. మూడోవాడు విప్పబోయాడా, తాడంతా చిక్కుపడి ఊరుకుంటుంది. రాజుగారు విప్పినా అంతే, రాజుగారి బావమరిది విప్పినా అంతే.

ఈ ముడితాళ్ళను మోసేవి అంచెలు. అంచె అంటే రేవులో ఒక పాక, రెండు మూడు పడవలు, వాటిని చూసుకునే ఒక అంచెదారు. లంకకో అంచె ఉండేది. ఈ అంచె పడవ తాడును ఆ అంచెకు అందిస్తుంది, ఆ అంచె ఇంకోదానికి అందిస్తుంది. అన్నిటికీ కలిపి పెద్ద అంటూ ఎవరూ లేరు. ఎవరికి నచ్చిన అంచెలో వాళ్ళు చేరేవారు.

చేరినవాళ్ళకు అంచెదారు ఒక చెక్కబిళ్ళ మీద పేరు చెక్కి ఇచ్చేవాడు. మనకు ఇంటిపేరు ముందు, మన పేరు వెనక ఉన్నట్టే, అక్కడ అంచెపేరు ముందు, మనిషి పేరు వెనక. కబురు పంపేవాళ్ళు తాడుకు ఒక కొసన తమ పేరు, ఇంకో కొసన అందుకోవాల్సినవాళ్ళ పేరు కడతారు. ఆ పేరును బట్టే తాడు వచ్చి చేరుతుంది.

ఆ సీమలో ఒకే దొడ్లో ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవారు. పెద్దామె అచ్చియ్యమ్మ, చిన్నామె మాణిక్యం. వాళ్ళ మొగుళ్ళు సింహాద్రి, భద్రం అన్నదమ్ములు. ఇద్దరికీ ఒక వర్తకుడి ఓడలో పని దొరికింది.

అచ్చియ్యమ్మకు మొగుడు ఓడెక్కడం బొత్తిగా ఇష్టం లేదు. "ఇక్కడ చేపలు లేవా? ఇక్కడ నీళ్ళు లేవా? అంత దూరం పోయి ఏం ఉద్ధరిస్తావు?" అని పోట్లాడింది. సింహాద్రికీ పౌరుషం ఎక్కువే. "సరేనే. ఓడ తిరిగొచ్చి ఉప్పురేవులో ఆగుతుంది. అక్కణ్ణించి కబురు పంపుతాను. నువ్వు రమ్మని పిలిస్తేనే ఇంటికొస్తాను. పిలవకపోతే అదే ఓడలో మళ్ళీ పోతాను" అన్నాడు. అన్నాక ఇద్దరికీ ఏడుపొచ్చింది. కానీ ఇద్దరూ మొండివాళ్ళు కదా, ఎవరూ మాట వెనక్కి తీసుకోలేదు.

ఇక మొగుళ్ళు ఓడెక్కేలోపు తోడికోడళ్ళు ఒక అంచెలో చేరాలి, ఆ పేరు వాళ్ళకు చెప్పి పంపాలి. ఇద్దరూ బయలుదేరారు.

ముందు పసిడి అంచెకు పోయారు. అబ్బో, ఏం అంచె! పాకకు బదులు మేడ. పడవలన్నిటికీ పసుపు రంగు, గంటలు. అంచెదారు సుముఖుడు ఎదురొచ్చి, పీటలు వేసి, చల్లటి బెల్లం పానకం చేతికిచ్చాడు. అచ్చియ్యమ్మ మురిసిపోయింది. "చూశావే, మనకు పీట వేశాడు" అని చెల్లెలి చెవిలో ఊదింది.

మాణిక్యం పానకం తాగి, గ్లాసు కింద పెట్టి, "అయ్యా, ఒక మాట. రేపెప్పుడైనా మేము ఈ అంచె మానేసి వెళ్ళిపోవాలంటే, మా వెంట ఏమేం తీసుకుపోవచ్చు?" అని అడిగింది.

అంతే, చుట్టూ ఉన్నవాళ్ళంతా తలలు తిప్పి చూశారు. మనం చుట్టాలింటి నుంచి కదిలేటప్పుడు కూడా "వెళ్తాను" అనం, "వెళ్ళొస్తాను" అంటాం. లంకలసీమలోనూ అదే మర్యాద. అలాంటిది, గడప తొక్కుతూనే వెళ్ళే మాట ఎత్తడమా! అచ్చియ్యమ్మ చెల్లెలి తొడ మీద గిల్లింది.

సుముఖుడు మాత్రం చిరునవ్వు చెదరనివ్వలేదు. "శుభమా అని వస్తూ అదేం మాటమ్మా? ఎందుకు వెళ్తారు? ఇక్కడ మీకేం తక్కువ?"

"తక్కువని కాదండీ. ఏం తీసుకుపోవచ్చని."

"మీ తాళ్ళు మీవే. ఒక్క ముడి కూడా విప్పను. మా అమ్మ మీద ఒట్టు."

"మరి పేరు?"

"పేరు పసిడి అంచెది కదమ్మా!" అని సుముఖుడు పకపకా నవ్వాడు. అచ్చియ్యమ్మ కూడా నవ్వింది. ఒట్టు వేశాడు, ముడి విప్పనన్నాడు, ఇంకేం కావాలి ఆవిడకు? అక్కడికక్కడే "పసిడి అంచె అచ్చియ్యమ్మ" అని బిళ్ళ చెక్కించుకుని మెళ్ళో వేసుకుంది.

మాణిక్యం రెండో అంచెకు పోయింది. అక్కడి అంచెదారు ఆ ప్రశ్న వినీ వినగానే మండిపడ్డాడు. "వెళ్ళేదానివి ఎందుకొచ్చావు? లే, లే, ముందు రేవు దిగు!" అని కసిరాడు. పాపం, దణ్ణం పెట్టి వచ్చేసింది.

మూడో అంచె గవరయ్యది. చిన్న పాక, ఒకటే పడవ. ముసలాయన పడవ బోర్లించి కన్నాలు పూడుస్తున్నాడు. మాణిక్యం భయపడుతూ భయపడుతూ అదే మాట అడిగింది.

గవరయ్య చెయ్యి తుడుచుకున్నాడు. "అడగాల్సిన మాటేనమ్మా. నాకా వయసైపోయింది, నా పడవకూ అయిపోయింది. ఎప్పుడు మూతపడతానో నాకే తెలీదు. నా అంచెపేరు తగిలించుకుంటే నాతోపాటు నీ పేరు కూడా మునుగుతుంది. నీకు సొంతపేరు లేదూ?"

"సొంతపేరంటే?"

"ఏటి మొగలో, సముద్రంలో కలిసేచోట, దారిగుంజ ఉంది చూశావా? ఏ పడవైనా అక్కడ ఆగి చూసుకునే పోవాలి. ఆ గుంజకు మీ ఇంటిపేరుతో ఒక చెక్క తగిలించు. చెక్క మొహం నా అంచె వైపు తిప్పి ఉంచు. నీ పేరుతో వచ్చిన తాడు నా దగ్గరికొస్తుంది. రేపు ఇంకో అంచెకు పోతావనుకో, చెక్క అటు తిప్పుకుంటావు. నీ పేరు మారదు, నిన్ను ఎరిగినవాళ్ళకు ఏమీ చెప్పుకోనక్కర్లేదు."

"ఇంత సులువైతే అందరూ ఎందుకు చెయ్యరు తాతా?"

"సులువని ఎవరన్నారు? ఉప్పుగాలికి చెక్క తినేస్తుంది. ఏటా ఎండలో అంత దూరం పోయి, పడవలకు పూసే నల్లటి కీలు పూసుకోవాలి. మర్చిపోయావా, చెక్క ఊడి పడుతుంది, ఇంకెవడో ఆ మేకుకు తన చెక్క తగిలించుకుంటాడు. పైగా నా పడవ నెమ్మది. నా దగ్గర పానకం లేదు."

వాళ్ళ దొడ్డి చుట్టూ మొగలిపొదలు ఉండేవి, వాళ్ళ ఇంటిపేరూ అదే. మాణిక్యం "మొగలిదొడ్డి మాణిక్యం" అని చెక్క చెక్కించి, కీలు పూసి, దారిగుంజకు తగిలించి వచ్చింది. చేతులంతా నలుపు. అచ్చియ్యమ్మ చూసి పగలబడి నవ్వింది. "మసి పూసుకుని వచ్చావా! నన్ను చూడు, కూర్చున్న చోటికే పేరొచ్చింది."

అన్నదమ్ములు ఆ రెండు పేర్లూ నేర్చుకుని ఓడెక్కి పోయారు.

కొన్నాళ్ళు అంతా బాగానే ఉంది. నిజం చెప్పాలంటే అచ్చియ్యమ్మకే ఎక్కువ బాగుంది. పుట్టింటికి పొద్దున తాడు పంపితే పొద్దుగూకే వేళకు జవాబు. మాణిక్యం మాత్రం గవరయ్య నత్తనడక పడవ కోసం రేవులో కూర్చునేది.

తర్వాత పసిడి అంచె నుంచి మొదటి మాట వచ్చింది. ఇకమీదట పసిడి అంచె నేసిన పసుపు తాడు మీదే ముడులు వెయ్యాలట. ఆ తాడు కావాలంటే వారం వారం వచ్చి అంచె పడవలకు కొబ్బరి పీచు వడకాలట. అచ్చియ్యమ్మకు ఒళ్ళు మండింది. "నేను మానేస్తాను, వేరే అంచెకు పోతాను" అని బిళ్ళ మెళ్ళోంచి తీసింది. తీసి, ఆగింది. వేరే అంచెకు పోతే పేరు మారుతుంది. పుట్టింటివాళ్ళకు చెప్పుకోవచ్చు. సముద్రం మీద ఉన్న మొగుడికి ఎవరు చెప్తారు? ఆయన ఆ పాత పేరుకే కబురు పంపుతాడు. బిళ్ళ మళ్ళీ మెళ్ళో వేసుకుని పీచు వడకడానికి పోయింది.

ఇంకొన్నాళ్ళకు రెండో మాట. ప్రతి తాడు మొదట్లోనూ "పసిడి అంచె చల్లగా ఉండాలి" అని ఒక పొడుగాటి ముడి వెయ్యాలట. దాంతో సగం తాడు అయిపోయేది. "అమ్మా, ఒంట్లో ఎలా ఉంది" అనడానికి చోటు మిగలక, "అమ్మా" అని మాత్రం పంపి ఊరుకునేది పిచ్చితల్లి. ఈసారి కూడా బిళ్ళ తీసింది, ఈసారి కూడా వేసుకుంది.

ఆ రోజుల్లోనే వరదొచ్చి గవరయ్య పడవ విరిగిపోయింది. ముసలాయన అంచె మూసేసి కూతురింటికి పోయాడు. "చూశావా? నేను చెప్తూనే ఉన్నాను, ఆ ముసలాడి అంచె నిలవదని! ఇప్పుడేం చేస్తావు? నీ మొగుడి కబురు ఎలా వస్తుంది?" అంది అచ్చియ్యమ్మ. పైకి వెటకారమే గానీ, లోపల చెల్లెలి కోసం దిగులుపడింది కూడా.

మాణిక్యం ఏం చేసింది? పడవ అడిగి దారిగుంజకు పోయి, చెక్కను బాతులలంక అంచె వైపు తిప్పి వచ్చింది. మర్నాటి నుంచి తాళ్ళు అటు రావడం మొదలుపెట్టాయి. పంపినవాళ్ళకు ఆ సంగతే తెలీదు. అచ్చియ్యమ్మ ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు.

అప్పుడు పసిడి అంచె నుంచి మూడో మాట వచ్చింది. వేరే అంచెల తాళ్ళు ఇక లోపలికి రానివ్వరట. ఇక్కడి తాళ్ళు బయటికి పోనివ్వరట. "పసిడి అంచెలో ఉన్నవాళ్ళతోనే మాట్లాడుకోండి. మీ చుట్టాల్ని కూడా ఇందులోనే చేరమనండి" అని సుముఖుడు రేవులో చాటింపు వేయించాడు.

సముద్రం మీద ఉన్నవాడు పసిడి అంచెలో ఎలా చేరతాడు చెప్పండి? అచ్చియ్యమ్మకు దిగులు పట్టుకుంది. అయినా, "ఇన్నాళ్ళ నుంచి పీచు వడికాను. మా ఆయన తాడొక్కటి లోపలికి రానివ్వరా ఏం" అని తనకు తాను సర్దిచెప్పుకుంది.

ఒకనాటి ఉదయం మాణిక్యానికి తాడొచ్చింది. భద్రం ముడులు. వేళ్ళతో తడుముతూ చదివి, పరుగెత్తుకుంటూ అక్క దగ్గరికి వచ్చింది.

"అక్కా! ఓడ ఉప్పురేవుకు వచ్చి చాలా రోజులైందట. సరుకు ఎక్కించడం కూడా కావొచ్చిందట. బావగారు నీకు మూడుసార్లు తాడు పంపారట. ఒక్కదానికీ జవాబు లేదని, మళ్ళీ అదే ఓడలో పోతానంటున్నారట. ఈయన చెప్పినా వినడంలేదట."

అచ్చియ్యమ్మ చేతిలో చేట కింద పడింది. ఇద్దరూ పసిడి అంచెకు పరుగు తీశారు.

అంచె గేటు మూసి ఉంది. గేటు బయట రేవుగట్టు మీద తాళ్ళు కుప్పలుగా పడి ఉన్నాయి. వేరే అంచెల పడవలు తెచ్చినవి, లోపలికి తీసుకోనివి. ఎండకు ఎండి, వానకు నాని, బురదలో కూరుకుపోయి ఉన్నాయి. అచ్చియ్యమ్మ మోకాళ్ళ మీద కూర్చుని వెతికింది. "పసిడి అంచె అచ్చియ్యమ్మ" అని పేరు కట్టిన తాళ్ళు మూడు దొరికాయి. మొదటి తాడు మీద మొదటి ముడి చేతికి తగిలింది. సింహాద్రి ఆమెను పిలిచే ముడి అది. తర్వాతి ముడి తాకేసరికి తాడు పీచుపీచుగా రాలిపోయింది. మిగతా రెండూ అంతే.

అచ్చియ్యమ్మ ఏడుపు విని సుముఖుడు గేటు తీశాడు. అప్పుడూ చిరునవ్వే!

"ఏమ్మా, ఎందుకలా ఏడుస్తున్నావు? బాగా చూసుకో. నీ ముడి ఒక్కటైనా ఎవరైనా విప్పారా? నేను ఒట్టు తప్పానా?"

"తప్పలేదు" అంది అచ్చియ్యమ్మ. "ముడి ఎవరూ విప్పలేదు. నేను కూడా విప్పలేకపోయాను."

"నచ్చకపోతే వెళ్ళొచ్చమ్మా. గేటు తీసే ఉంది. నిన్ను కట్టేశామా?"

"నా పేరు నీ దగ్గరే పెట్టుకుని వెళ్ళమంటావేంటయ్యా! ఆ పేరు తప్ప నా మొగుడికి ఇంకోటి తెలీదే! నేను ఎక్కడికి వెళ్ళినా, ఆయన ఇక్కడికే కదా పిలిచేది!" అని అరిచింది. సుముఖుడు పానకం తెమ్మని లోపలికి కేకేశాడు. ఎవరు తాగుతారు ఆ పానకం?

మాణిక్యం అక్క భుజం పట్టుకుని లేపింది. "పేరు పోతే పోయింది. నీ ముడి ఎక్కడికి పోయింది? అది నీ చేతిలోనే ఉంది కదా. నువ్వు ముడి వెయ్యి. నా పేరు మీద పంపుదాం."

"మొగలిదొడ్డి మాణిక్యం పేరు మీదొస్తే, మరదలు జాలిపడి పంపిందనుకుంటాడు. ఆయన పౌరుషం నీకు తెలీదు."

"పేరు చూసి ఏమైనా అనుకోనీ. ముడి చూశాక ఏమనుకుంటారు? నీ ముడి నేను వెయ్యగలనా? ఈ సీమలో ఇంకెవరైనా వెయ్యగలరా?"

అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుంది. అక్కడే రేవుగట్టు మీద కూర్చుని, మాణిక్యం ఇచ్చిన మామూలు కొబ్బరితాడు మీద ముడులు వేసింది. ఏం వేసిందని నన్ను అడక్కండి. ఆ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలీదని మొదటే చెప్పాను కదా. ఉప్పురేవుకని చెప్పి తాడు బాతులలంక అంచెకు ఇచ్చారు. ఆ అంచె ఇంకో అంచెకు ఇచ్చింది, అది ఇంకోదానికి.

ఇక ఎదురుచూడడమే మిగిలింది. అచ్చియ్యమ్మ రేవు వదల్లేదు. వచ్చిన ప్రతి పడవనూ చూసేది. తెరచాప దించి అంచె పడవ ఖాళీగా వస్తే ముఖం తిప్పుకునేది. ఓడ ఈపాటికి కదిలిపోయి ఉంటుందని ఒకరన్నారు. గాలి ఎదురుగా ఉంది, కదిలి ఉండదని ఇంకొకరన్నారు. ఎవరేమన్నా ఆవిడ వినిపించుకునే స్థితిలో లేదు.

చివరికి ఒక మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ ఒకే పడవలో వచ్చి దిగారు. భద్రం నవ్వుతూ దిగాడు. సింహాద్రి తల దించుకుని దిగాడు. అతని చేతికి ఆ కొబ్బరితాడు చుట్టి ఉంది.

"పేరు చూసి నీది కాదనుకున్నాను. ముడి తడిమితే నువ్వే" అన్నాడు. "ఓడ మీదికి మూట విసిరేశాను కూడా. మళ్ళీ అడిగి తెచ్చుకున్నాను. ఓడలో అందరూ నవ్వారు."

అచ్చియ్యమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. ఏడ్చి ఏడ్చి, కాస్త తెరిపిన పడ్డాక, "మొదట మూడు తాళ్ళు పంపావు కదా. నాకు దక్కలేదు. వాటిలో ఏం చెప్పావు?" అని అడిగింది.

సింహాద్రి చెవులు ఎర్రబడ్డాయి. "అది ఇప్పుడు నోటితో చెప్పమంటే రాదే. తాడు మీద అయితే వచ్చింది" అన్నాడు.

ఎన్నిసార్లు అడిగినా, తాడు చేతికిచ్చినా, ఆమె ఎదురుగా ఉండగా ఆ మాట చెప్పలేకపోయాడు. బతికినన్నాళ్ళూ అచ్చియ్యమ్మకు ఆ మూడు తాళ్ళలో ఏముందో తెలియలేదు. అదొక్కటే ఆవిడకు తీరని లోటు.

ఆ వారమే ఆవిడ చెల్లెలితో కలిసి ఏటి మొగకు పోయి, తన పేరుతో ఒక చెక్క తగిలించింది. చేతులంతా కీలు. ఎవరూ నవ్వలేదు. తర్వాత ఊరివాళ్ళు ఒక్కొక్కరే అదే పని చేశారు. పసిడి అంచె మూతపడిందా అంటారేమో, లేదు. పసుపు పడవలు ఇప్పటికీ తిరుగుతున్నాయి, పానకం ఇప్పటికీ తియ్యగానే ఉంటుంది. కాకపోతే, చేరడానికి వచ్చినవాళ్ళు పానకం ముట్టకముందే ఆ ప్రశ్న అడుగుతున్నారు. వేరే అంచెల తాళ్ళకు గేటు కూడా మళ్ళీ తెరవక తప్పలేదు.

ఇందులో నీతి ఏమిటంటే పిల్లలూ, మీ మాట ఎవరూ విప్పకుండా దాచుకుంటే సరిపోదు, మిమ్మల్ని పిలిచే పేరు కూడా మీ చేతిలోనే ఉండాలి. అందుకని ఎంత మంచి గడపైనా సరే, ఎవరేమనుకున్నా సరే, ఎక్కేముందే దిగే దారి అడిగి తెలుసుకోండి.